మన తర్వాత వాళ్ళకో ఇల్లు

ఈ నెల శీర్షికకి వేరే విషయం అనుకున్నాను కానీ, గ్రూపులో వచ్చిన ఒక మెసేజ్ చదివాక అది పక్కన పెట్టేశాను. ముగ్గురు తల్లులు కలిసి రాశారు. పేర్లు వేయొద్దన్నారు, వేయడం లేదు. వాళ్ళు అడిగింది ఇదీ:

"మా ముగ్గురి పిల్లలకీ లెర్నింగ్ డిసబిలిటీ ఉంది. ముగ్గురూ పాతికేళ్ళు దాటినవాళ్ళే. మేము లేని రోజున వీళ్ళు ఏ ముక్కూ మొహం తెలియనివాళ్ళ దగ్గరో ఉండకుండా, దేవుడి పేరు మీద ఒక ఇల్లు మొదలుపెట్టి ముగ్గురినీ కలిపి ఉంచాలని మా కోరిక. మాలో ఇద్దరం చర్చికి వెళ్తాం, ఒకరు గుడికి. ఇది జరిగే పనేనా? ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?"

జరిగే పనే. తేలికైన పని మాత్రం కాదు. మూడు నాలుగేళ్ళు ఓపిక పట్టాలి, కాగితాలు చదవాలి, కొన్ని మనకు నచ్చని నిజాలు ఒప్పుకోవాలి. నేను చెప్పే నియమాలు ఇంగ్లండ్‌వి. స్కాట్లాండ్, వేల్స్, నార్తర్న్ ఐర్లాండ్‌లో ఉన్నవాళ్ళకి చట్టాలూ తనిఖీ సంస్థలూ వేరు, కానీ ఆలోచన అంతా ఒకటే.

ముందు ఒక మాట అర్థం చెప్పుకుందాం. ఇక్కడ లెర్నింగ్ డిసబిలిటీ అంటే చదువు రాకపోవడం కాదు, డిస్లెక్సియా కాదు, మతి చెడటం అసలే కాదు. కొత్త విషయాలు అర్థం చేసుకోవడం, రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం చిన్నప్పటి నుంచీ కష్టంగా ఉండటం. మన వైపు బుద్ధిమాంద్యం అనేవారు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళు చాలామంది ఇందులోకి వస్తారు. ఇది మందులతో పోయే జబ్బు కాదు, జీవితాంతం ఉండేది.

ఇప్పుడే ఎందుకు?

నర్సుగా మన తల్లుల నోట నేను ఎక్కువసార్లు విన్న ప్రార్థన ఒకటే. "వాడి కంటే నాకు ఒక్కరోజు ఎక్కువ ఆయుష్షు ఇవ్వు తండ్రీ, అంతే చాలు." ఆ ప్రార్థన వెనక ఎంత ప్రేమ ఉందో, ఎన్ని నిద్రలేని రాత్రులున్నాయో నాకు తెలుసు. కానీ అక్కా, అది ప్లాన్ కాదు. డెబ్బై ఏళ్ళ తల్లి స్ట్రోక్ వచ్చి పడిపోయిన రోజున కౌన్సిల్ వాళ్ళు ఏం చేస్తారు? ఆ రాత్రికి ఎక్కడ మంచం ఖాళీగా ఉంటే అక్కడికి పంపుతారు. వాళ్ళని తప్పుపట్టలేం, వాళ్ళకి ఉన్న దారి అదే. కానీ ఆ బిడ్డ ఒకే రోజున అమ్మనీ, ఇంటినీ, తెలిసిన తిండినీ, తెలుగు మాటనీ పోగొట్టుకుంటాడు. అమ్మ ఎక్కడుందో అర్థమయ్యేలా చెప్పేవాళ్ళు కూడా ఉండరు.

అందుకే మీరు బతికుండగానే, ఒంట్లో ఓపిక ఉండగానే వాళ్ళు ఇల్లు మారాలి. మొదట్లో వాడు ఏడ్చినా మీరు వెళ్ళి పక్కన కూర్చోగలరు. ఆదివారం ఇంటికి తెచ్చుకోగలరు. "వదిలేశారు" అని నలుగురూ అంటారేమోనని చాలామంది భయపడతారు. చేయి పట్టుకుని కొత్త ఇంటికి తీసుకెళ్ళడాన్ని వదిలేయడం అనరు.

మనకంటే ముందు నడిచినవాళ్ళు

ఇది కొత్త ఆలోచన కాదు. 1940లో నాజీల నుంచి తప్పించుకుని వచ్చిన కార్ల్ కేనిగ్ అనే ఆస్ట్రియా పిల్లల డాక్టరు స్కాట్లాండ్‌లో అబర్డీన్ దగ్గర కాంప్‌హిల్ మొదలుపెట్టారు. ముందు పిల్లలకి, తర్వాత పెద్దవాళ్ళకి. అందరూ కలిసి ఉండి, తోట పని, రొట్టెల పని, నేత పని కలిసి చేసుకునే పద్ధతి అది.

1964లో ఫ్రాన్స్‌లోని ఒక పల్లెటూళ్ళో జాన్ వానియే అనే కెనడా దేశస్థుడు, పెద్ద సంస్థలో మగ్గిపోతున్న ఇద్దరు మగవాళ్ళని తీసుకొచ్చి వాళ్ళతో ఒకే ఇంట్లో ఉండటం మొదలుపెట్టాడు. ఆ ఇంటికి లార్ష్ అని పేరు. ఫ్రెంచిలో ఓడ అని అర్థం, నోవహు ఓడ. ఇవాళ 35కి పైగా దేశాల్లో లార్ష్ ఇళ్ళున్నాయి. ఈ దేశంలో మొదటిది 1974లో కెంట్‌లో వచ్చింది. మన దేశంలో మొదటిది 1970లోనే బెంగుళూరులో ఆశా నికేతన్ పేరుతో వచ్చింది. అక్కడ హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు ఒకే ఇంట్లో ఉంటూ అందరి పండగలూ చేసుకున్నారు. "మేము రెండు మతాలవాళ్ళం, కుదురుతుందా" అని అడిగిన అక్కలకి ఇదే జవాబు.

ఈ కథలో చీకటి భాగం కూడా చెప్పాలి. వానియే 2019లో చనిపోయాడు. బతికున్నంత కాలం లోకం ఆయన్ని మహాత్ముడిగా చూసింది. 2020లో లార్ష్ సంస్థే తానుగా విచారణ చేయించి, ఆయన ఆధ్యాత్మిక మార్గదర్శనం పేరుతో ఆరుగురు స్త్రీలని లైంగికంగా వాడుకున్నాడని బయటపెట్టింది. 2023లో వచ్చిన మరింత లోతైన నివేదికలో ఆ సంఖ్య కనీసం 25. వాళ్ళలో వికలాంగులున్నట్టు తేలలేదు. సలహా కోసం, ప్రార్థన కోసం ఆయన దగ్గరికి వచ్చిన స్త్రీలు వాళ్ళు.

ఇది చదివి "చూశారా, అందుకే ఇలాంటివి వద్దు" అనొద్దు. ఆ ఇళ్ళలో వేలమంది మంచిగా బతికారు, బతుకుతున్నారు. మనం నేర్చుకోవాల్సింది వేరే. దేవుడి పేరుతో నడిచే చోట ప్రశ్న అడగడానికి మొహమాటం ఎక్కువ. "పాస్టర్ గారు కదా", "స్వామీజీ కదా", "ఆవిడ ఎంత త్యాగం చేస్తోంది" అని ఊరుకుంటాం. మీ ఇంట్లో అలా ఊరుకోకూడదు. పని చేసేవాళ్ళకీ, వాలంటీర్లకీ డీబీఎస్ చెక్ ఉండాలి. పూజారి అయినా, పాస్టరమ్మ అయినా, మీ సొంత తమ్ముడయినా సరే మినహాయింపు లేదు. ఫిర్యాదు చెప్పుకోవడానికి ఇంటికి సంబంధం లేని ఒక బయటి మనిషి ఉండాలి. మాటలు రాని బిడ్డ తరఫున గమనించే మనిషి ఉండాలి.

ఆ ఇల్లు ఎవరిది?

మీ మెసేజ్‌లో "కలిపి ఉంచాలని" అన్నారు. ఆ మాట దగ్గర ఆగాను. ఆ ముగ్గురికీ కలిసి ఉండాలని ఉందా? ఎప్పుడైనా అడిగారా? తల్లులు స్నేహితులైనంత మాత్రాన పిల్లలకి పొసగాలని లేదు. ఒకరికి టీవీ గట్టిగా ఉండాలి, ఇంకొకరు చప్పుడు భరించలేరు. ఒకరు తెల్లవారుజామున నాలుగింటికి లేస్తారు. అందుకే ముందు శనివారాలు కలిసి వంట చేయించండి. తర్వాత ఒక రాత్రి, తర్వాత వారం రోజుల సెలవు. ఒక ఏడాది చూస్తే ఎవరికి ఎవరు సరిపడతారో వాళ్ళే చూపిస్తారు. నోటితో చెప్పలేనివాళ్ళు కూడా మొహంతో, నిద్రతో, తిండితో చెప్తారు.

చట్టం కూడా ఇదే చెప్తోంది. మెంటల్ కెపాసిటీ యాక్ట్ 2005 ప్రకారం, నిర్ణయం తీసుకోలేరని తేలేవరకు ఎవరైనా తీసుకోగలరనే అనుకోవాలి. అర్థమయ్యేలా చెప్పడానికి అన్ని సాయాలూ చేయాలి, బొమ్మలు చూపించి అయినా సరే. బిడ్డ పెద్దయ్యాక అమ్మానాన్నలమన్న ఒక్క కారణంతో అన్ని సంతకాలూ మనమే పెట్టలేం. అవసరమైతే కోర్ట్ ఆఫ్ ప్రొటెక్షన్‌కి వెళ్ళి డెప్యూటీగా నియమించమని అడగాలి.

ఇంకో మాట, మనవాళ్ళలో ఎక్కువగా వినపడేది. "పెళ్ళి చేస్తే కుదురుకుంటాడు, చూసుకోవడానికి ఒక మనిషి దొరుకుతుంది." అక్కా, పెళ్ళంటే ఏమిటో అర్థం చేసుకుని ఒప్పుకోలేని మనిషికి పెళ్ళి చేయడం ఇంగ్లండ్‌లో నేరం, 2014 నుంచి. ఇండియా తీసుకెళ్ళి చేసినా నేరమే. అర్థం చేసుకుని, ఇష్టపడి చేసుకునేవాళ్ళు ఉన్నారు, అది వాళ్ళ హక్కు. కానీ ఊరి నుంచి ఒక పేదింటి పిల్లని కోడలి పేరుతో ఆయాగా తెచ్చుకోవడం ఆ పిల్లకీ అన్యాయం, మన బిడ్డకీ అన్యాయం.

ఇల్లు వేరు, కేర్ వేరు

ఇక కాగితాల సంగతి. ఇక్కడ రెండు దారులున్నాయి.

ఒకటి కేర్ హోమ్. ఉండటం, తినటం, చూసుకోవటం అన్నీ ఒకే ఒప్పందంలో ఉంటాయి. సీక్యూసీ దగ్గర రిజిస్టర్ కావాలి. కౌన్సిల్ డబ్బు కట్టే చోట, మనిషి చేతికి సొంత ఖర్చులకి మిగిలేది వారానికి 30 పౌండ్ల చిల్లర.

రెండోది సపోర్టెడ్ లివింగ్. ఇంట్లో ఒక్కొక్కరికీ సొంత పేరు మీద అద్దె ఒప్పందం ఉంటుంది. ఇల్లు ఒకరిది, కేర్ ఇచ్చేది ఇంకొకరు. కేర్ నచ్చకపోతే ఏజెన్సీని మారుస్తారు, ఇల్లు ఖాళీ చేయక్కర్లేదు. ఇదే ముఖ్యమైన తేడా. స్నానం చేయించడం లాంటి పర్సనల్ కేర్ ఇచ్చే సంస్థ మాత్రం ఇక్కడ కూడా సీక్యూసీ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి.

మీలాంటి ముగ్గురు తల్లులకి నేను రెండోదే చెప్తాను. ఇల్లు ఒక హౌసింగ్ అసోసియేషన్ చేతిలో పెట్టండి. కేర్ అనుభవమున్న సంస్థకి ఇవ్వండి. మీరు మూడో పని చేయండి. అంటే ఆ ఇంటి చుట్టూ మనుషుల్ని పోగుచేయడం, పండగలు, ప్రార్థన, స్నేహాలు, నిఘా. అన్నీ మీరే చేయాలనుకుంటే రెండేళ్ళలో అలసిపోతారు, మూడో ఏడు ఇల్లు మూతపడుతుంది.

ఇల్లు చిన్నగా ఉండాలి. ఆరుగురి వరకు ఒకే కుటుంబంలా కలిసి ఉంటే, కేర్ తీసుకుంటున్నా ప్లానింగ్ నియమాల్లో మామూలు ఇల్లు కిందే లెక్క. విడివిడి కుటుంబాలవాళ్ళు ఐదుగురు, ఆపైన కలిసి ఉంటే కౌన్సిల్ నుంచి హెచ్‌ఎంఓ లైసెన్సు కావాల్సి రావచ్చు. అందుకే ముగ్గురు నలుగురితో మొదలుపెట్టడం మంచిది.

సంస్థ పెట్టాలనుకుంటే సీఐఓ అనే రకం చారిటీ ఉంది. ఎంత చిన్నదైనా ఛారిటీ కమిషన్ దగ్గర రిజిస్టర్ చేయాలి. మీ బిడ్డ ఆ ఇంట్లో ఉంటే, మీరు ట్రస్టీగా తీసుకునే నిర్ణయంలో మీ లాభం కూడా కలిసి ఉంటుంది. అది ముందే చెప్పి, ఆ చర్చ నుంచి పక్కకి తప్పుకోవాలి. కాబట్టి ముగ్గురు తల్లులే ట్రస్టీలైతే కుదరదు. ఒక అకౌంటెంటు, ఒక హౌసింగ్ తెలిసినావిడ, లెర్నింగ్ డిసబిలిటీ ఉన్న ఒక మనిషి కూడా ఉండాలి.

"ఊరి నుంచి మన మనిషినే కేరర్‌గా తెప్పిద్దాం" అని కూడా అనుకుంటారేమో. 2025 జులై 22 నుంచి విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లని వీసా మీద తెప్పించే దారి మూసేశారు. ఆ లెక్క వేసుకోవద్దు.

భక్తి ఎక్కడ ఉండాలి?

నా ఉద్దేశంలో దేవుడు ఆ ఇంటి వంటింట్లో, భోజనాల బల్ల దగ్గర ఉండాలి. గుమ్మం దగ్గర టికెట్లు చూసేవాడిలా ఉండకూడదు. అంటే ప్రార్థనకి రమ్మని పిలవచ్చు, రాకపోతే అన్నం తగ్గకూడదు. భోజనానికి ముందు ఒక పాట, ఆదివారం చర్చికి తోడు, ఏకాదశికి గుడికి తోడు, క్రిస్మస్‌కి స్టార్, సంక్రాంతికి గుమ్మంలో ముగ్గు. ఇవన్నీ కేర్ ప్లాన్‌లో రాయించండి. రాయకపోతే కొత్తగా వచ్చిన కేరర్‌కి తెలియదు. "ఇతనికి మంగళవారం మాంసం పెట్టరు", "ఈమె పడుకునే ముందు తల మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేస్తే నిద్రపోతుంది" లాంటివి అక్షరాలా రాయించాలి.

కేరర్లందరూ మన మతమే అయ్యుండాలని పట్టుబట్టలేం. ఆ ఉద్యోగానికి ఆ విశ్వాసం నిజంగా అవసరమని చూపించగలిగితేనే ఈక్వాలిటీ యాక్ట్ ఒప్పుకుంటుంది. స్నానం చేయించడానికి ఓర్పు కావాలి, మతం అక్కర్లేదు.

ఇంకోటి గట్టిగా చెప్తాను. ఇది నయం చేసే ఇల్లు కాదు. ప్రార్థనతో డౌన్ సిండ్రోమ్ పోతుందని ఎవరైనా అంటే ఆ మనిషిని గుమ్మం దాటనివ్వకండి. పూర్వజన్మ పాపమని నిట్టూర్చేవాళ్ళని కూడా. మన బిడ్డలు ఎవరి పాపానికీ లెక్క కాదు. వాళ్ళు మనకి ఏదో నేర్పడానికి వచ్చిన దేవతలు కూడా కాదు. కోపం వస్తుంది, అబద్ధమాడతారు, ఇష్టమైనవాళ్ళ మీద మనసు పడతారు. మనుషులు.

నర్సుగా కొన్ని మాటలు

ఇంగ్లండ్‌లో లెర్నింగ్ డిసబిలిటీ ఉన్నవాళ్ళు మిగతావాళ్ళ కంటే సుమారు 20 ఏళ్ళు ముందే చనిపోతున్నారు. అందులో చాలా మరణాలు ఆపగలిగినవి. జీపీ దగ్గర ఏటా ఉచిత హెల్త్ చెక్ ఉంటుంది, పద్నాలుగేళ్ళ నుంచే. లెర్నింగ్ డిసబిలిటీ రిజిస్టర్‌లో పేరుందో లేదో రేపే అడగండి.

మలబద్ధకాన్ని చిన్నదిగా చూడొద్దు. మాట రాని మనిషి కడుపు నొప్పిని కోపంగా చూపిస్తాడు. "బిహేవియర్" అని రాసేసి మత్తు మందు ఇస్తే ప్రాణం మీదకి వస్తుంది. ఉపవాసం ఉన్న రోజున ఫిట్స్ మందు, షుగర్ మందు సొంతంగా మానేయకూడదు, జీపీనో నర్సునో అడగండి. మింగడం కష్టమయ్యేవాళ్ళకి స్పీచ్ థెరపిస్టు చెప్పిన మెత్తదనంలోనే పప్పన్నం కలపాలి. ప్రసాదమైనా, ప్రభు బల్ల రొట్టె అయినా అదే నియమం. పొడిచర్మానికి రాసే నూనె క్రీములు బట్టలకి అంటితే తొందరగా అంటుకుంటాయి. దీపం, కొవ్వొత్తి దగ్గర జాగ్రత్త, బ్యాటరీ దీపం పెట్టినా దేవుడు ఏమీ అనుకోడు.

డబ్బు, వీలునామా

కేర్ ఖర్చుకి కేర్ యాక్ట్ 2014 కింద కౌన్సిల్‌ని నీడ్స్ అసెస్‌మెంట్ అడగండి. అది మీ బిడ్డ హక్కు. మీకూ వేరుగా కేరర్స్ అసెస్‌మెంట్ ఉంది. అద్దెకి హౌసింగ్ బెనిఫిట్ రావచ్చు. కానీ అమ్మానాన్నలే యజమానులై కొడుక్కి అద్దెకిస్తే, ఇది నిజమైన అద్దేనా అని కౌన్సిల్ గట్టిగా అడుగుతుంది. ఇల్లు హౌసింగ్ అసోసియేషన్ చేతిలో పెట్టమన్నది అందుకు కూడా. వీసా మీద పబ్లిక్ ఫండ్స్ లేవని ఉంటే ముందు ఇమిగ్రేషన్ లాయరుని కలవండి.

వీలునామాలో ఆస్తి నేరుగా బిడ్డ పేర రాయకండి. చేతిలో 16,000 పౌండ్లు దాటితే యూనివర్సల్ క్రెడిట్ ఆగిపోతుంది. 23,250 దాటితే కేర్ ఖర్చు సాధారణంగా సొంతంగా కట్టుకోవాలి. ఊళ్ళో ఉన్న పొలం కూడా లెక్కలోకి రావచ్చు. లాయరుతో ట్రస్టు రాయించండి. ఖర్చవుతుంది, కానీ అవసరం.

ఇండియాలో ఉండి ఇది చదివే వదినలకి, పిన్నులకి ఒక మాట. మనకీ దారులున్నాయి. నేషనల్ ట్రస్ట్ యాక్ట్ 1999 కింద పద్దెనిమిది దాటిన బిడ్డకి చట్టబద్ధమైన సంరక్షకుణ్ణి జిల్లా స్థాయి కమిటీ నియమిస్తుంది. నిరామయ పథకంలో లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థలో వెళ్ళి అడగవచ్చు.

ఈ నెలలో చేయగలిగినవి

ముగ్గురు అక్కలూ, ఇల్లు వెతకడం ఇంకా మొదలుపెట్టకండి. ముందు ముగ్గురు పిల్లల్నీ కలిపి ఒక శనివారం వంటకి పిలవండి. కౌన్సిల్‌కి అసెస్‌మెంట్ కోసం ఉత్తరం రాయండి. మీ దగ్గర్లో సపోర్టెడ్ లివింగ్ ఇల్లు ఏదైనా ఉంటే వెళ్ళి, అక్కడ ఉండేవాళ్ళని "ఇక్కడ నీకు ఏం నచ్చలేదు?" అని అడగండి. మేనేజరుని తర్వాత అడగొచ్చు. ఇక ఒక నోట్‌బుక్ తీసుకుని మీ బిడ్డ గురించి మీకు మాత్రమే తెలిసినవన్నీ రాయండి. ఏ పాటకి నవ్వుతుంది, ఏ చప్పుడికి భయపడుతుంది, నొప్పి వస్తే ఎలా చూపిస్తుంది, టీలో చక్కెర ఎన్ని చెంచాలు. తెలుగులో రాసి, కూతురుతోనో కోడలితోనో ఇంగ్లీషు చేయించండి. పక్కింట్లో, చర్చిలో, గుడిలో ఇలాంటి బిడ్డని నలుగురికీ కనపడకుండా పెంచుతున్న తల్లి ఎవరైనా ఉంటే ఈ పేజీ ఆమెకి పంపండి. నాలుగో గది ఆమె బిడ్డదే కావచ్చు.

ప్రశ్నలుంటే గ్రూపులో రాయండి, లేదా అడ్మిన్ ద్వారా నాకు విడిగా పంపండి. వచ్చే నెల కేరర్స్ అసెస్‌మెంట్‌కి ఎలా తయారవ్వాలో, ఏమేం అడుగుతారో వివరంగా చెప్తాను. అందరూ ఆరోగ్యం జాగ్రత్త. చలి మొదలైంది, ఫ్లూ టీకా మర్చిపోకండి.